తప్పని చెప్పడం వేరు, ఏం తప్పో చెప్పడం వేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మన కార్యదర్శి అన్న ఒక షరతు పెట్టిండు. "నువ్వు కంప్యూటర్ల పని చేస్తవు గద. అందరికి అక్కరకొచ్చేది ఏదన్న చెప్పు. కాని మాకు సమజ్ కావాలె" అన్నడు. అందుకే మీ అందరి ఫోన్లలో ఎప్పుడో ఒకప్పుడు కనిపించి, మిమ్మల్ని విసిగించిన సంగతే తీసుకున్నాను. ఏదో పేజీ తెరుస్తారు, తెర మీద "404" అని వస్తుంది. లేదంటే 403 అని, 400 అని వస్తుంది. మనం "సైటు పాడైంది" అని ఫోన్ పక్కన పెట్టేస్తాం. ఆ అంకెలు ఊరికే రావు. ఒక్కో అంకె ఒక్కో మాట చెబుతుంది. ఆ మాటల మధ్య తేడాను పట్టించుకోక నేనొకసారి తప్పు చేశాను. దాని గురించి కూడా ఇవాళ మీ ముందు చెప్పుకోవాలి.

ముందు మన లెక్కల సారును తలుచుకుంటాను. మీకు గుర్తుండే ఉంటుంది, సారు లెక్క తప్పితే పేజీ మీద అడ్డగీత కొట్టి వదిలేసేవారు కాదు. ఏ మెట్టు దగ్గర తప్పామో వెతికి, అక్కడ చిన్న సున్నా చుట్టేవారు. గుర్తు మరిచినవాడికి గుర్తు దగ్గర, ఎక్కం తప్పినవాడికి ఎక్కం దగ్గర. ఇద్దరికీ మార్కు సున్నానే. కానీ ఇంటికి పోయి ఒకడు చదవాల్సింది వేరు, ఇంకొకడు చదవాల్సింది వేరు. ఈ అంకెలు చేసే పని కూడా అదే.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు ఒక పేజీ తెరిచినప్పుడు మీ ఫోన్ ఒక చిట్టీ రాసి, ఎక్కడో ఉన్న ఇంకో కంప్యూటర్‌కు పంపుతుంది. "ఫలానా కాగితం ఇవ్వండి" అని అందులో ఉంటుంది. అడిగేవాడు క్లయింట్, ఇచ్చేవాడు సర్వర్. ఈ చిట్టీలు రాసే పద్ధతి పేరు హెచ్‌టీటీపీ. జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించారు. హెచ్‌టీటీపీ 1.0 పద్ధతి 1996 మే నెలలో పత్రంగా వెలువడింది. ఇప్పుడు అందరూ పాటించే నిర్వచనాలు 2022 జూన్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9110 అనే పత్రంలో ఉన్నాయి. సర్వర్ ఇచ్చే ప్రతి జవాబు మీద మూడంకెల సంఖ్య ఒకటి ఉండాలని నియమం.

ఆ మూడంకెలను మన పిన్ కోడ్‌తో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. మన దేశంలో పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. అంటే దానికీ మన సంఘానికీ దాదాపు ఒకటే వయసు. పిన్‌లో మొదటి అంకె చూస్తే ఉత్తరం దేశంలో ఏ వైపు పోవాలో తెలుస్తుంది. మనది 5. మొదటి మూడంకెలు చూస్తే ఏ జిల్లా వైపో తెలుస్తుంది. 505 అంటే పాత కరీంనగర్ జిల్లా, గోదావరి దాటి 504 అంటే పాత ఆదిలాబాద్ జిల్లా. వెబ్ అంకెలోనూ అంతే. మొదటి అంకె చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. 1 అంటే "వింటున్నాను, కానియ్యి". 2 అంటే "పని అయింది". 3 అంటే "ఇంకో చోటికి వెళ్లు". 4 అంటే "పొరపాటు అడిగినవైపు ఉంది". 5 అంటే "నువ్వు అడిగింది సరిగ్గానే ఉంది, నా వల్లే కావడం లేదు".

ఇందులో ఒక తమాషా ఉంది. వెబ్‌లోనూ 504, 505 ఉన్నాయి. మధ్యలో ఉన్న సర్వర్‌కు వెనక ఉన్న సర్వర్ నుంచి సమయానికి జవాబు రాకపోతే 504. చిట్టీ రాసిన హెచ్‌టీటీపీ వెర్షన్‌ను సర్వర్ ఒప్పుకోకపోతే 505. రెండూ సర్వర్ ఖాతాలో పడేవే. కాబట్టి పాత ఆదిలాబాద్ వాళ్లయినా, పాత కరీంనగర్ వాళ్లయినా నిశ్చింతగా ఉండొచ్చు. తప్పు మనది కాదు!

ఇవాళ నేను చెప్పేది 4తో మొదలయ్యే వాటి గురించి. అర్థం కావడానికి మన బడి ఆఫీసు గది కిటికీ దగ్గరికి వెళ్దాం. టీసీ కోసమో, బోనఫైడ్ కోసమో మనమంతా ఆ కిటికీ ముందు నిలబడ్డవాళ్లమే. లోపల క్లర్క్ సారు కూర్చున్నారు. బయట మనం. మనం క్లయింట్, సారు సర్వర్.

మీరు ఇచ్చిన దరఖాస్తు సగం చిరిగిపోయింది, రాత అర్థం కావడం లేదు. సారు తిరిగి ఇచ్చేశారు. అది 400. చిట్టీయే సరిగా లేదు, మళ్లీ రాసుకొని రావాలి.

దరఖాస్తు బాగానే ఉంది. కానీ సారు "నువ్వెవరివి?" అని అడిగారు. మీ దగ్గర గుర్తింపు కార్డు లేదు. అది 401. ఇంగ్లీషులో దీనికి పెట్టిన పేరు అధికారం లేదన్నట్టు ధ్వనిస్తుంది కానీ, నిజంగా దాని అర్థం "నువ్వెవరో ఇంకా తేలలేదు" అని. అందుకే 401 ఇచ్చే సర్వర్ తన గుర్తింపు ఎలా రుజువు చేసుకోవాలో కూడా జవాబులోనే చెప్పాలని నియమం. మీరు లాగిన్ అయి వస్తే పని కావొచ్చు.

ఇప్పుడు మీ కార్డు చూశారు. "నువ్వు పదో తరగతి బి సెక్షన్. మీ నాన్న కూడా నాకు తెలుసు. అయినా సరే, పరీక్ష పేపర్లున్న బీరువా తెరవను" అన్నారు. అది 403. మీరెవరో తెలిసినా ఆ పనికి మీకు అనుమతి లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 401కి మందు లాగిన్. 403 వచ్చినప్పుడు అదే పేరుతో పదిసార్లు లాగిన్ అయినా లాభం లేదు. అనుమతి ఇవ్వగలిగిన పెద్దసారు దగ్గరికి వెళ్లాలి.

సారు రిజిస్టరంతా తిప్పి "ఈ పేరు ఇందులో దొరకలేదు" అన్నారు. అది 404. వెబ్‌లో అన్నిటికంటే పేరుపడ్డ అంకె ఇది. సెర్న్‌లో 404 నంబరు గది ఉండేదని, దాని వల్లే ఈ అంకె వచ్చిందని ఒక కథ తిరుగుతుంటుంది. అది నిజం కాదని వెబ్ తొలి రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్లే చెప్పారు. 404లో గమనించాల్సింది ఒకటుంది. అది "దొరకలేదు" అంటుంది, "ఎప్పటికీ లేదు" అనదు. రేపు దొరకొచ్చు. మీరు చిరునామాలో ఒక అక్షరం తప్పు కొట్టి ఉండొచ్చు. ఇంకో సంగతి, బీరువాలో ఫలానా కాగితం ఉందని కూడా బయటివాళ్లకు తెలియకూడదనుకుంటే 403కు బదులు 404 చెప్పడానికి సర్వర్‌కు వీలుంది.

"ఆ రికార్డు ఉండేది. గడువు తీరిందని తీసేశాం. మళ్లీ రాదు, మళ్లీ అడగకు" అంటే అది 410. 404కు 410కి తేడా ఇదే. మొదటి దాంట్లో వెతకడానికి ఆశ ఉంది. రెండో దాంట్లో మీ సమయం వృథా కాకుండా నిజం చెప్పేస్తున్నారు.

ఇక మిగతావి గబగబా చెప్తాను. హాజరు రిజిస్టర్ చూడనిస్తారు కానీ దిద్దనివ్వరు. దిద్దబోతే 405. ఇక్కడ ఏమేం చేయొచ్చో కూడా సర్వర్ చెప్పాలి. కిటికీ దగ్గరికొచ్చి చిట్టీ ఇవ్వకుండా నిలబడిపోతే 408. ఒకే రికార్డును ఇద్దరు ఒకేసారి దిద్దబోతే, ఒకరి మార్పు ఇంకొకరి మార్పుతో పొసగకపోతే 409. కిటికీలో పట్టనంత పెద్ద కట్ట తెస్తే 413. ఫోటో అడిగితే పాటల క్యాసెట్ తెస్తే 415. దరఖాస్తు చక్కగా నింపి, పుట్టిన తేదీ ఫిబ్రవరి 31 అని రాస్తే 422. రాత సరిగ్గానే ఉంది, రాసిందానికే అర్థం లేదు. 400కు దీనికి అదే తేడా.

నిమిషానికి పదిసార్లు "అయిందా సార్, అయిందా సార్" అని అడిగితే 429. ఈ అంకె 2012 ఏప్రిల్‌లో చేరింది. ఎంతసేపు ఆగి రావాలో కూడా సర్వర్ దీనితోపాటు చెప్పొచ్చు. పదో తరగతి ఫలితాల రోజు సైటు ఆగిపోతే అది 429 కాదని గుర్తుపెట్టుకోండి. అక్కడ మీరొక్కరే ఎక్కువసార్లు అడగడం లేదు, రాష్ట్రమంతా ఒక్కసారే అడుగుతోంది. దానికి సర్వర్ చెప్పాల్సింది 503. తప్పు గుంపుది కాదు, గుంపుకు సరిపడా ఏర్పాటు చేయనివాళ్లది.

చట్టం వద్దన్నందుకు ఇవ్వలేకపోతే 451. ఇది 2016 ఫిబ్రవరిలో వచ్చింది. పుస్తకాలు తగలబెట్టే కాలాన్ని ఊహిస్తూ రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన నవల 'ఫారెన్‌హీట్ 451' పేరు మీదుగా ఆ అంకెను ఎంచుకున్నారు. ఫీజు కట్టమనే 402ను భవిష్యత్తు కోసమని పక్కన పెట్టారు, 2022 పత్రంలోనూ అది అలాగే ఉంది. 1998 ఏప్రిల్ 1న ఏప్రిల్ ఫూల్ వేళాకోళంగా 418 అని ఇంకొకటి పుట్టించారు. టీ కెటిల్‌ను కాఫీ చేయమంటే అది "నేను టీ కెటిల్‌ను" అని చెప్పే అంకె అది. కంప్యూటర్ వాళ్లకు నవ్వడం రాదని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

ఇప్పుడు నా తప్పు సంగతి.

కొన్నేళ్ల కింద నేను ఒక ప్రవేశాల దరఖాస్తు సైటు పనిలో ఉన్నాను. ఎవరి సైటో ఇక్కడ అవసరం లేదు. తప్పు నేను రాసిన వరుసల్లో ఉంది. సర్వర్ సరైన అంకెలే ఇచ్చేది. తెర మీద ఏం కనిపించాలో రాసే పని నాది. గడువు దగ్గరపడింది. ఒక్కో అంకెకు ఒక్కో మాట రాయడానికి బద్ధకించి, 4తో మొదలయ్యేది ఏదొచ్చినా ఒకటే మాట పెట్టాను: "దరఖాస్తు చెల్లదు. మళ్లీ ప్రయత్నించండి."

గడువు ముగిసిన మూడు రోజులకు, ఎన్ని దరఖాస్తులు సగంలో ఆగాయో చూడమన్నారు. సర్వర్ తన దగ్గరికొచ్చిన ప్రతి చిట్టీని ఒక చిట్టాలో రాసుకుంటుంది. అది తిప్పుతుంటే ఒకే దరఖాస్తు నంబరు మళ్లీ మళ్లీ కనిపించింది. చివరి రోజు సాయంత్రం ఆరు గంటలప్పుడు మొదటిసారి. తర్వాత పది నిమిషాలకొకసారి, ఇరవై నిమిషాలకొకసారి. ఆఖరిది రాత్రి 11 గంటల 52 నిమిషాలకు. ప్రతి వరుసలోనూ ఒకటే అంకె: 413. ఫోటో పెద్దదైంది, అంతే. మేం పెట్టిన పరిమితి ఒక మెగాబైట్. కొత్త ఫోన్‌తో తీసిన ఫోటో అంతకన్నా పెద్దది. ఆన్‌లైన్ సెంటర్‌లో ఏ పిల్లవాడైనా రెండు నిమిషాల్లో తగ్గించి పెట్టేవాడు. కానీ ఫోటో పెద్దదని వాళ్లకు ఎవరు చెప్పారు? సర్వర్ చెప్పింది. నేను ఆ మాట దాచి, "చెల్లదు, మళ్లీ ప్రయత్నించండి" అన్నాను. వాళ్లు నా మాట నమ్మి, అదే ఫోటోతో మళ్లీ మళ్లీ ప్రయత్నించారు.

ఆ దరఖాస్తు తెరిచి పేరు చూసే అనుమతి నాకు లేదు. ఉండకూడదు కూడా. అది సరైన 403. చిట్టాలో పిన్ కోడ్ గడి మాత్రం ఉంది. అది 504తో మొదలైంది.

ఆ రోజు నేను బెంగళూరులో ఏసీ గదిలో కూర్చున్నాను. ఆ అంకె చూడగానే, గోదావరి అవతలి నుంచి వచ్చి మన హాస్టల్‌లో ఉండి చదివిన నా దోస్తులు గుర్తుకొచ్చారు. సాయంత్రం ఆరు తర్వాత వాళ్ల ఊరికి బస్సు లేదు. ఆన్‌లైన్ సెంటర్ ఉండేది మండల కేంద్రంలో. రాత్రి పన్నెండింటి దాకా అక్కడ కూర్చున్న ఆ పిల్లో, పిల్లవాడో ఆ తర్వాత ఇంటికెట్లా పోయారో నాకు తెలియదు. గడువు పెంచమని పైవాళ్లను అడిగాను. కాదన్నారు. మరుసటి వారం కూర్చొని ఒక్కో అంకెకు ఒక్కో మాట రాశాను. "మీ ఫోటో ఒక మెగాబైట్ కంటే పెద్దదిగా ఉంది. చిన్నది చేసి పెట్టండి" అని. రాయడానికి ఒక పూట పట్టింది. ఆ పూట ముందే పెట్టి ఉంటే ఒకరికి ఒక ఏడాది మిగిలేది.

"మళ్లీ ప్రయత్నించండి" అన్న మాట ఎంత ప్రమాదమో అప్పుడే అర్థమైంది. మీరంతా ఒక్క సూత్రం గుర్తు పెట్టుకోండి. 5తో మొదలైతే ఆగి రండి. 4తో మొదలైతే మార్చుకొని రండి. 5 వచ్చినప్పుడు అదే చిట్టీతో కాసేపాగి వస్తే పని కావొచ్చు. 4 వచ్చినప్పుడు ఏదో ఒకటి మార్చకుండా మళ్లీ నొక్కితే సాధారణంగా అదే జవాబు వస్తుంది. 408, 429 లాంటి ఒకటి రెండు మాత్రమే దీనికి మినహాయింపు. పిల్లలకు దరఖాస్తులు నింపే ఉపాధ్యాయులకు నాదొక మనవి. తెర మీద అంకె కనిపిస్తే వెంటనే పేజీ మూసేయకండి. ఆ తెరను ఫోటో తీసి పెట్టుకోండి. "సైటు పనిచేయలేదు" అని ఫిర్యాదు చేస్తే ఎవరూ పట్టించుకోరు. "413 వచ్చింది, ఇన్ని గంటలకు వచ్చింది" అని చెబితే అవతలివాడు తప్పించుకోలేడు. అంకె వస్తే పిల్లవాడికి చేతకాలేదని కూడా అనకండి. 4తో మొదలైనంత మాత్రాన నేరం అడిగినవాడిది కాదు. ఎక్కడ మార్చుకోవాలో చెప్పే బాధ్యత జవాబిచ్చేవాడిది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది కనిపిస్తున్నారు. మీకు కూడా ఒక మాట. తప్పు జరిగినా పైకి 200 చూపించి, లోపల "ఎర్రర్" అని రాసే అలవాటు మానండి. అది ఫెయిలైనవాడి చేతికి పాసైన మెమో ఇచ్చినట్టు. పేజీని కదిలిస్తే 301 పెట్టి కొత్త చిరునామా చెప్పండి. 2016 అక్టోబరు 11న మన పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, పాత ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ కొత్త జిల్లాలు అయ్యాయి. జిల్లా పేరు మారింది కానీ పిన్ కోడ్ మారలేదు. జగిత్యాలకు వేసిన ఉత్తరం ఇప్పటికీ పాత 505327 మీదనే చేరుతుంది. చిరునామాలు ఊరికే మార్చకూడదని టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసం రాశారు. తపాలా శాఖకు ఆ సంగతి అంతకు ముందే తెలుసు.

చివరగా మన సంఘం సంగతి. ఈ సభకు పిలవడానికి పాత చిరునామాల పుస్తకం పట్టుకొని మన కార్యవర్గం వెతికింది. కొన్ని పిలుపులు తిరిగి వచ్చాయి. మిడ్ మానేరు కింద మునిగిన చింతల్‌ఠాణా, చీర్లవంచ లాంటి ఊళ్ల చిరునామాలు అందులో ఉన్నాయి. ఊరు నీళ్లలో ఉంది, జనం పునరావాస కాలనీల్లో ఉన్నారు. అది 301. కొత్త చిరునామా కనుక్కుంటే చాలు. కొందరు దోస్తులు మనల్ని వదిలి వెళ్లిపోయారు. పుస్తకంలో వాళ్ల పేరు కొట్టేయకుండా, ఆ సంగతి పక్కన మర్యాదగా రాసుకుందాం. మిగతావాళ్లు ఇంకా దొరకలేదు. అది 404. దొరకలేదంటే లేరని కాదు. చిరునామాలో ఎక్కడో ఒక అక్షరం తప్పి ఉంటుంది. మీలో ఎవరికైనా ఎవరిదైనా కొత్త ఫోన్ నంబరు తెలిస్తే ఇవాళ పోయేముందు బయట బల్ల మీదున్న రిజిస్టర్‌లో రాయండి.

గోదావరి అవతల 504 పిన్ నుంచి ఆ రాత్రి 11 గంటల 52 నిమిషాలకు ఆఖరిసారి నొక్కిన పిల్లో, పిల్లవాడో ఎవరో నాకు ఎప్పటికీ తెలియదు. ఎవరైనా సరే, మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టుకొని ఉంటారని, ఈసారి ఏం మార్చుకోవాలో తెర సరిగ్గా చెప్పి ఉంటుందని అనుకుంటాను. మన లెక్కల సారు సున్నా చుట్టి చూపిన పద్ధతి నాకు ఆలస్యంగా అర్థమైంది. మీకు అంత ఆలస్యం కావొద్దనే ఇంతసేపు మాట్లాడాను.